మోకాళ్లకు వెచ్చగా ఉండే బండి

మొన్న మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. "సార్, మీరు ముప్పై ఏండ్లు గొర్ల టీకాలకు తిరిగిండ్రట గదా. చలికాలం పొద్దుగాల రౌండ్లకు ఏ బండి కొనమంటరు?" అని అడిగింది. "ఏదన్నా కొనుక్కో అమ్మా, టీకా పెట్టె వెనకాల కట్టుకునేటట్టు ఉంటే చాలు" అని చెప్పి పెట్టేశాను. పాపం, మైలేజీ గురించో సీటు గురించో ఇంకా ఏదో అడగబోయింది. రిటైరైనాక ముసలాయనకు పొగరు ఎక్కువైందని అనుకొని ఉంటుంది. అనుకోనీ. ఆ ప్రశ్నకు అసలు జవాబు ఫోన్‌లో చెప్పేది కాదు. ఒక చలికాలం నేనూ బండి ఎంచుకున్నాను, చాలా జాగ్రత్తగా, పదిమందినీ అడిగి. ఆ ఎంపిక వల్ల ఒక మనిషికి తన సొంత వాళ్ల మధ్య మాట పోయింది. ఆ అమ్మాయి కోసమూ, ఆమెలాంటి పిల్లల కోసమూ ఇది రాస్తున్నాను. నా గొప్ప చెప్పుకోవడానికి మాత్రం ఇందులో ఏమీ లేదు.

నేను చేసింది పశువుల దవాఖానలో డాక్టరు కింది ఉద్యోగం. డాక్టరమ్మ చెప్పిన మందు వేయడం, రిజిస్టర్లు రాయడం, అన్నిటికంటే ఎక్కువగా పల్లెలు తిరిగి గొర్లకూ మేకలకూ టీకాలు వేయడం. తెలంగాణ వచ్చిన రెండో చలికాలం నాటికి నార్కట్‌పల్లి అవతల, హైవేకు దగ్గరున్న ఒక దవాఖానలో ఉన్నాను. టీకాలు దాచే ఫ్రిజ్ అక్కడ. గొర్లున్న పల్లెలేమో తిరుమలగిరి వైపు, గంటకు పైగా ప్రయాణం.

గొర్ల టీకాకు వేళ ముఖ్యం. చలికాలంలో గడ్డి మీద మంచు ఆరేదాకా మందను దొడ్డిలోంచి విడవరు, తడి గడ్డి మేస్తే జబ్బు చేస్తుందని. మంచు ఆరిందంటే మాత్రం ఒక్క నిమిషం ఆగరు. ఆలోపల మేం వెళ్లి, ఒక్కొక్కదాన్నీ పట్టి, సూది వేసి, వేసినట్టు గుర్తుగా వీపు మీద ఎర్ర రంగు గీత పెట్టి బయటపడాలి. అంటే ఐదున్నరకల్లా బండి మీద ఉండాలి. డిసెంబరులో ఆ వేళకు ఆ రోడ్డు మీద బండి నడిపినవాళ్లకు నా బాధ తెలుస్తుంది. చొక్కా లోపల పాత దినపత్రిక మడిచి పెట్టుకునేవాణ్ణి. గ్లోవ్స్ మీద ప్లాస్టిక్ కవర్లు, మంకీ క్యాప్ మీద హెల్మెట్. ఎన్ని చేసినా మోకాళ్లు బిగుసుకుపోయేవి. బండి దిగి, హ్యాండిల్ పట్టుకొని రెండు నిమిషాలు నిలబడితే తప్ప అడుగు పడేది కాదు.

మా దవాఖానలో అటెండరు ఒకాయన ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, ఇంకో రెండేళ్లలో రిటైర్మెంటు. మంద కాసే ఇంట్లో పుట్టినవాడు, మేం టీకాలకు వెళ్లే పల్లెల్లోనే ఆయన సొంతూరు, ఇంటి దగ్గర ఆయనకూ ఓ ఇరవై గొర్లు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను నువ్వు అంటూనే సార్ అనేవాడు. గొర్రె నడక చూసి జ్వరం ఉందో లేదో చెప్పగలిగిన మనిషి. మాకు దొడ్డి తలుపులు తెరుచుకున్నాయంటే డాక్టరు పేరు చూసో నా హోదా చూసో కాదు, ఆయన ముందురోజు సాయంత్రం వెళ్లి ఇంటింటా కూర్చొని చెప్పినందుకు. సూది వేస్తే సూడి గొర్లకు కడుపులు పోతాయని భయపడేవాళ్లు ఎక్కువ. ఆ భయం పోగొట్టడం నాకు చేతయ్యేది కాదు.

టీకాల రోజున పెట్టె సర్దడం ఆయన పని. తెల్లవారుజామునే ఐసు ప్యాకులు నాలుగు వైపులా నిలబెట్టి, నడుమ టీకా సీసాలు పెట్టి, మూత బిగించి, ఆ మీదట ఒక నల్ల గొంగడి ముక్క చుట్టి తాడు కట్టేవాడు. అది వాళ్ల నాయిన కప్పుకున్న గొంగడి. చిరిగినంత మేర చిరిగిపోగా, మిగిలిన గట్టి ముక్కను కోసి ఉంచుకున్నాడు. గొర్లకు విరేచనాలు పట్టి మందలే పోయే పారుడు రోగానికి వేసే టీకా ప్రాణమున్న టీకా. వేడి తగిలితే చస్తుంది. చచ్చినా చూడటానికి అలాగే ఉంటుంది, రంగు మారదు, వాసన రాదు. అది నాకు పుస్తకంలో చదువుకుంటే తెలిసింది. ఆయనకు తెలిసింది ఎక్కడో నేనెప్పుడూ అడగలేదు. పాత బండి మీద ఆయన నా వెనక కూర్చునేవాడు, పెట్టె ఆయన ఒళ్లో, పెట్టెకు గొంగడి. అట్లా ఎన్నో చలికాలాలు గడిచాయి, ఒక్క మందలో కూడా మాట రాలేదు.

ఆ ఏడు దసరా పోయినాక పాత బండి చేతులెత్తేసింది. పన్నెండేళ్లు మోసింది, దాని తప్పేం లేదు. కొత్తది కొనాలి. చలికాలం ముందుంది కాబట్టి చలికి పనికొచ్చేది కొనాలని నా పట్టుదల. దవాఖాన వరండాలో టీ తాగుతూ నెల రోజులు ఇదే చర్చ. డాక్టరమ్మ స్కూటరు తీసుకోమంది, కాళ్లకు ముందు అడ్డం ఉంటుందని. రికార్డులు చూసే సహోద్యోగి మైలేజీ తప్ప ఇంకేదీ మాట్లాడేవాడు కాదు. పొద్దున లేస్తే లీటరుకు ఎంత అన్నదే ఆయన జపం.

అటెండరు అన్నను నేను అడగలేదు. సైకిలు తప్ప ఏదీ తొక్కని మనిషిని బండి గురించి అడిగేదేమిటి అని. ఆయనే ఒకరోజు గ్లాసులు కడుగుతూ అన్నాడు, "సార్, సీటు సాపుగ ఉన్నది సూడు. ఎన్కకు ఇనుప క్యారేజీ ఉండాలె. కిక్కు కొట్టేటట్టు ఉండాలె, చలికి బటన్ పని జెయ్యదు."

"క్యారేజీ ఉన్న బండ్లు ఇప్పుడెవరు కొంటున్నరు అన్నా, పాలోల్లు తప్ప" అన్నాను.

"మనం గూడ ఏదో ఒకటి మోసెటోల్లమే గద సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నల్లగొండలో ఒక షోరూముకు వెళ్లాను. ఏ కంపెనీది అన్నది ఇక్కడ అవసరం లేదు, తప్పు బండిది కాదు. అక్కడున్న కుర్రవాడు మాటకారి. నేను మోకాళ్ల సంగతి చెప్పగానే అతని ముఖం వెలిగిపోయింది. ఒక బండి దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంజనుకు రెండు పక్కలా పెద్ద ప్లాస్టిక్ తొడుగు, ముందు గాలికి అద్దం, వెనక సీటు పిట్ట తోకలా పైకి లేచి ఉంది. స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఆగి, "మోకాలు ఇక్కడ పెట్టి సూడుండ్రి సార్" అన్నాడు. పెట్టాను. తొడుగు సందులోంచి ఇంజను వేడి పైకి తన్ని నేరుగా మోకాళ్లకు తగులుతోంది. "ఎండాకాలం జర ఇబ్బందే గని, చలికాలం మీకు హీటర్ పెట్టినట్టె ఉంటది" అన్నాడు. ఎండాకాలం తిట్టిపోసుకునే లోపాన్ని నాకు సుగుణంగా అమ్మాడు. నేను ఆనందంగా కొనుక్కున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా శరీరం గురించి నేను ఆలోచించిన మొదటిసారి అదేనని నాకు నేను చెప్పుకున్నట్టు గుర్తు.

బండి మీద మొదటి టీకా రోజు. అన్న ఎప్పటిలాగే పెట్టె సిద్ధం చేసి, వరండా మెట్ల మీద పెట్టుకొని ఉన్నాడు. వెనక సీటు ఎక్కబోయాడు, మోకాళ్లు ఆయనవీ అంతంతమాత్రమే, అంత ఎత్తుకు కాలు లేవలేదు. రెండోసారి ఎక్కి కూర్చున్నాడు గానీ పెట్టె ఒళ్లో పెట్టుకుంటే ముందుకు జారిపోతున్నాడు. నాకు ఆలస్యమవుతోంది.

"నువ్వు ఫస్టు బస్సుకు రా అన్నా. పెట్టె నేను తీసుకపోత" అన్నాను.

"యాడ పెడ్తవు సార్? క్యారేజీ లేదాయె."

"ట్యాంకు మీద, నా ఒళ్లె."

అలాగే పెట్టుకున్నాను. పెట్టె అంచు కడుపులో గుచ్చుకుంది. గొంగడి చుట్టి ఉండటం వల్ల మరీ లావుగా ఉంది. గొంగడి విప్పేశాను. విప్పాక దాన్ని ఏం చేయాలో తోచక మోకాళ్ల మీద కప్పుకున్నాను. ఇంజను వేడి కింది నుంచి, గొంగడి పై నుంచి. ఆహా అనిపించింది. నిజంగా ఆ మాట పైకే అన్నాను.

అన్న చూస్తూ నిలబడ్డాడు. "సార్, గొంగడి పెట్టెకు" అన్నాడు.

"పెట్టెకు చలి పెడ్తదా అన్నా?"

"చలికి కాదు సార్. గొంగట్ల ఉంటె ఐసు కరగది."

"గిసొంటి చలిల ఐసు కరుగుతదా, నువ్వొకటి" అని కదిలాను. అంతటితో ఆగలేదు. మరుసటి వారం, బరువు తగ్గుతుందని, ఐసు సగమే పెట్టమన్నాను. "సగమా సార్?" అన్నాడు. "చలికాలం గదా, సగం చాలు. నింపు" అన్నాను. ఆయన సగమే నింపాడు. బయట లోకమంతా ఐసుపెట్టెలా ఉన్నప్పుడు పెట్టెలో ఐసు దండగ అన్నది నా తెలివి. ఆ పెట్టె బయట లోకంలో లేదు, నా ఒళ్లో ఉంది. కోడి గుడ్లు పొదిగినట్టు ఆ టీకాలను గంటసేపు ఇంజను మీద, గొంగడి కింద పెట్టుకొని నేను పొదుగుతున్నానని నాకు తట్టలేదు. పుస్తకం చదివినవాణ్ణి నేనే.

ఆ డిసెంబరులో నేను వేసినన్ని టీకాలు జిల్లాలో ఎవరూ వేయలేదన్నారు. నిజమే అయి ఉంటుంది. మోకాళ్లు బాగున్నాయి, బండి దిగీ దిగకముందే పని మొదలుపెట్టేవాణ్ణి, ఒక మంద అయ్యేచోట రెండు అయ్యేవి. అన్న ఫస్టు బస్సులో వచ్చి కలిసేవాడు. డాక్టరమ్మ మెచ్చుకుంది. నా పేరు జిల్లాకు పంపింది, జనవరిలో జెండా పండుగనాడు ప్రశంసాపత్రం ఇచ్చేవాళ్ల జాబితాలో.

ఇప్పుడు ఆ ఊరి సంగతి. అన్న ఊరికి పక్కూరే అది. ముందుగా చేయాల్సిన దొడ్డి ఒక అక్కది. భర్త నడుము పడిపోయి మంచం మీద ఉంటే, ఎనభై గొర్లూ ఆమె చేతి మీదే బతికేవి. ఆ మంద తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. అంతకుముందు రెండుసార్లు మమ్మల్ని దొడ్డి దగ్గరికే రానివ్వలేదు. ఈసారి అన్న ముందురోజు సాయంత్రం వెళ్లి రెండు గంటలు కూర్చొని ఒప్పించి వచ్చాడు.

నేను చేరేసరికి ఆమె దొడ్డి తడిక దగ్గర నిలబడి ఉంది. "మామ జెప్పిండని తెరుస్తున్న సారు. నీ మొకం జూసి కాదు" అంది. ఆమె అన్నను మామా అనేది.

పెట్టె తెరిచాను. ఐసు ప్యాకులు మెత్తగా, లోపల నీళ్లు ఊగుతున్నాయి. సీసా చేతిలోకి తీసుకున్నాను. చేతులు కొంకర్లు పోయి ఉన్నాయి కదా, ఆ సీసా చేతికి హాయిగా అనిపించింది. దాన్ని ఇప్పటికీ మరిచిపోలేను. హాయిగా అనిపించిన టీకా సీసా పారేయాల్సిన సీసా. ఆ సంగతి నాకు తెలుసు, ఆ క్షణంలో కూడా తెలుసు.

అప్పుడే అన్న బస్సు దిగి వచ్చాడు. పెట్టెలోకి ఒక్కసారి చూసి, ఆమెకు వినబడకుండా అన్నాడు, "సార్, ఇయ్యాల ఒద్దు. రేపు ఏద్దాం. జర ఇను."

"రేపంటె తెరుస్తదా అన్నా ఆమె? ఇంకో రెండు మందలు నిలబెట్టుకొని కూసున్నరు."

"నేను జెప్త. తెరుస్తది."

"ఏం గాదు, చల్లగనే ఉన్నయి" అన్నాను. ఆ చలికాలం మొత్తంలో నోరు తెరిచి నేను ఆడిన అబద్ధం ఇది ఒక్కటే. తర్వాత చేసిన అన్యాయానికంతా నిజాలే సరిపోయాయి.

ఆయన నా ముఖంలోకి చూసి, పంచె ఎగగట్టి దొడ్డిలోకి దిగాడు. ఒక్కొక్క గొర్రెనూ పట్టి నా ముందుకు తెచ్చాడు. నేను సూది వేశాను. ఆ అక్కే వీపుల మీద ఎర్ర గీత పెట్టింది. మంచు ఆరేలోపు మూడు మందలూ అయిపోయాయి.

సంక్రాంతికి వారం ముందు ఆ ఊరి నుంచి ఫోన్ వచ్చింది. డాక్టరమ్మతో కలిసి జీపులో వెళ్లాం. గొర్ల ముక్కుల్లోంచి చీమిడి, నోళ్లలో పుండ్లు, నిలబడ్డచోటే పారుడు. పిల్లలు ముందు పోయాయి, తర్వాత తల్లులు. మేం చేయగలిగింది చేశాం, మందులు పోశాం, రోజూ వెళ్లాం. మూడు మందలకూ తగిలింది గానీ ఆ అక్క మంద మరీ ఊడ్చుకుపోయింది, ఎనభైలో పదకొండు మిగిలాయి. ఊరవతల గుంత తీసి పూడ్చేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ప్రతి దాని వీపు మీదా ఎర్ర గీత ఉంది, మేం కాపాడామని గుర్తుగా పెట్టింది.

జిల్లా నుంచి పెద్ద సారు విచారణకు వచ్చాడు. ఆ రోజు నేను నా బండి మీద వెళ్లలేదు. జీపులో చోటుంది కదా అని డాక్టరమ్మతో అన్నాను. చోటు ఉన్న మాట నిజమే. పెద్ద సారు తెలివైనవాడు, లెక్క చక్కగానే వేశాడు. అదే టీకా, అదే వారం, వేరే బృందం జీపులో తీసుకెళ్లి వేసిన ఊళ్లలో ఒక్క గొర్రె దగ్గలేదు. కాబట్టి టీకాలో లోపం లేదు, తీసుకొచ్చిన తీరులో ఉంది.

దొడ్డి ముందే కుర్చీలు వేశారు. ఆ అక్క తడికకు ఆనుకొని నిలబడింది. ఊరివాళ్లు పది పన్నెండు మంది ఉన్నారు.

"పెట్టె ఎవరు సర్దుతారు?" అని పెద్ద సారు నన్ను అడిగాడు.

"అటెండరు సర్దుతాడు సార్" అన్నాను. అందులో అబద్ధం లేదు.

"ఎట్లా తీసుకొస్తారు?"

"బండి మీద సార్." అందులోనూ లేదు.

ఆయన అన్న వైపు తిరిగాడు. "ఐసు నింపినవా?"

"నింపిన సార్."

"నిండుగనా?"

అన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు, ఇప్పుడు నువ్వు మాట్లాడే వంతు వచ్చిందని గుర్తు చేస్తున్నట్టు. నేను చేతిలోని రిజిస్టరులోకి చూశాను. అందులో చూడటానికి ఏమీ లేదు.

"సగం సార్" అన్నాడు.

"సగమా? ఎవరు జెప్పిండ్రు సగమని?"

దొడ్డిలో మిగిలిన గొర్లు దగ్గుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు అప్పుడు ఒక్క మాట సరిపోయేది. నేను చెప్పాను సార్. మూడు మాటలనుకున్నా మూడే. నాకు ఇంకా ఆరేడేళ్ల ఉద్యోగం ఉంది, ప్రమోషను దగ్గర్లో ఉంది, నాలుగు రోజుల్లో కలెక్టరు చేతుల మీదుగా కాగితం తీసుకోవాల్సి ఉంది. ఇవన్నీ ఆ కాసేపట్లోనే నా తలలో చాలా పద్ధతిగా, వరసగా తిరిగాయి. నాకు గుర్తుంది, కంగారు కూడా పడలేదు.

"చలికాలం గదా, సగం చాలనుకున్న సార్" అన్నాడు అన్న. నేను వరండాలో ఆయనతో చెప్పిన మాటనే, నా గొంతులోంచి తీసి తన గొంతులో పెట్టుకున్నాడు.

ఆ అక్క అప్పుడు తడిక వదిలి ముందుకు వచ్చింది. ఏడవలేదు. "నీ మాట మీద దొడ్డి తీసిన మామా" అంది. అంతే అంది. ఆయన తల వంచుకున్నాడు. పక్కనున్న ఊరివాళ్లు ఆయన్ని చూసిన చూపు నేనూ చూశాను. వాళ్లంతా ఆయనకు ఏదో వరస అయ్యేవాళ్లే, ఆ వారం దాకా ఆయన మాటకు విలువ ఇచ్చినవాళ్లే.

జెండా పండుగనాడు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. జాబితా అప్పటికే అచ్చైపోయిందట, మార్చడానికి వీలు కాలేదట. చలికాలంలో అత్యధికంగా టీకాలు వేసినందుకు అని రాసి ఉంది. దవాఖాన వాళ్లంతా వచ్చారు, అన్న కూడా వచ్చాడు. కింద నుంచి చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టకుండా ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

ఫిబ్రవరిలో ఆయన్ని డిప్యుటేషన్ మీద నారాయణపేట దగ్గరున్న ఒక పశువైద్య కేంద్రానికి వేశారు. ఇల్లు ఈ మూల, ఉద్యోగం ఆ మూల. ఇంటి దగ్గర గొర్లను చూసే దిక్కు లేక అమ్మేశాడు. వెళ్లేరోజు దవాఖాన తాళాలు నాకు అప్పగించాడు. ఫ్రిజ్ తలుపు కింది వైపు సరిగా పడదని, మోకాలితో నెట్టాలని చెప్పాడు. "అన్నా, ఆ రోజు నా పేరెందుకు జెప్పలే?" అని అడిగాను. అప్పుడు కూడా, నేను చెప్పనందుకు క్షమించు అని కాదు, నువ్వెందుకు చెప్పలేదని అడిగాను. మనిషి నీచానికి అంతుండదు.

ఆయన తాళం చెవులను ఒకటొకటిగా చూపిస్తూనే అన్నాడు, "సూది నువ్వేసినవు సార్. పట్టి ఇచ్చింది నేను గద. ఒద్దని తెలిసి గూడ పట్టిచ్చిన. ఆమెకు నేను జవాబు జెప్పాలె గని నువ్వేం జెప్తవు."

తర్వాతి చలికాలం దాకా నాకు ధైర్యం రాలేదు. అన్ని నెలలూ ఆ గొంగడి ముక్క నా బండి సీటు కిందే పడి ఉంది. ఒక ఆదివారం తెల్లవారుజామున, దాన్ని వాపస్ ఇస్తానన్న సాకుతో బయలుదేరాను. అసలు పని వేరే. అంతా నేనే చేశానని పెద్ద సారుకు రాసి ఇస్తానని, ఆ ఊరికి వెళ్లి ఆ అక్కకు కూడా చెప్తానని ఆయనకు మాట ఇవ్వాలి. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, పాలమూరు, దారి పొడుగునా ఆ మాటల్నే అటూ ఇటూ మార్చి సర్దుకున్నాను.

నారాయణపేటలో ఆయన ఒక కిరాయి గదిలో ఉంటున్నాడు. ముందు భాగంలో ఇంటివాళ్ల మగ్గాలు. ఆ చప్పుడులో మాట వినపడాలంటే కొంచెం గట్టిగా మాట్లాడాలి. నేను చెప్పాల్సింది గట్టిగా చెప్పేది కాదు. ఆయన నన్ను చూసి నిజంగానే సంతోషపడ్డాడు. నులక మంచం వాల్చి, స్టవ్ మీద చాయ్ పెట్టాడు. రిటైరైనాక ఊరికి వస్తావా అన్నా అంటే, "ఏం మొకం పెట్టుకొని పోవాలె సార్. ఆమెను గిట్ల తెచ్చుకొని ఈడనే ఉండుడు" అన్నాడు. ఆమె అంటే భార్య.

చాయ్ గ్లాసు నా చేతికిస్తూ అడిగాడు, "ఆ బిడ్డ మంద ఎట్లున్నది సార్? మల్ల కట్టిందా?"

ఏడాదిగా ఆ ఊరి పొలిమేర తొక్కలేదు నేను. ఆ ఊరు వేరేవాళ్లకు మార్పించుకున్నాను. "మంచిగనే ఉన్నది అన్నా. మెల్లగ కట్టుకుంటున్నది" అన్నాను.

ఆయన తన గ్లాసులోని చాయ్ ఊదుకున్నాడు. "అట్లనా" అన్నాడు. కొంచెం ఆగి, "ఉన్న పదకొండు గూడ అమ్మి, పత్తి ఏరనీకి కూలికి పోతుందని ఇన్న. ఎవరో తప్పు జెప్పినట్టున్నరు" అన్నాడు.

ఇక నేను తెచ్చుకున్న మాటలేవీ నోట్లోంచి రాలేదు. ఆయన కేంద్రం సంగతులు చెప్పాడు, నేను దవాఖాన సంగతులు చెప్పాను. అన్నం తినే పొమ్మన్నాడు, తిన్నాను. మూడు గంటలకు లేచాను.

బండి దాకా వచ్చాడు. దాని చుట్టూ తిరిగి చూసి, ఇంజను పక్కనున్న తొడుగు మీద అరచెయ్యి ఆనించాడు. పొద్దున దిగినప్పటి వేడి ఎప్పుడో పోయి ఉంటుంది. అయినా కాసేపు అట్లాగే ఉంచాడు.

నేను గొంగడి ముక్క తీసి ఇచ్చాను. "మీ నాయినది అన్నా. నా దగ్గరనే ఉండిపోయింది."

ఆయన దాన్ని అందుకున్నాడు. దుమ్ము దులిపి, మడత సరిచేసి, తిరిగి నా బండి ట్యాంకు మీద పెట్టాడు. "ఉంచుకో సార్. పొయ్యేటప్పుడు చలి పెడ్తది" అన్నాడు.

ఎత్తిపొడుపేమోనని ఆయన ముఖంలో వెతికాను. లేదు. ఉంటే బాగుండేది, ఇన్నేళ్లు దాన్ని పట్టుకొనైనా ఆయన మీద కోపంగా ఉండేవాణ్ణి.

కల్వకుర్తి దాటేసరికి పొద్దుగూకి చలి మొదలైంది. గొంగడి ముందే ఉంది. కొంత దూరం ఓర్చుకున్నాను. తర్వాత బండి పక్కకు ఆపి, మడత విప్పి, మోకాళ్ల మీద కప్పుకున్నాను. ఇంటిదాకా వెచ్చగానే వచ్చాను.